ఆర్థో నైట్రోఫినాల్ స్టీమ్ డిస్టిలేషన్: కండెన్సర్ మూసుకుపోతోంది, పైగా హైడ్రోజన్ బంధం లెక్క కుదరట్లేదు

పసుపుచుక్క
ఫినాల్ నైట్రేషన్ అయ్యాక వచ్చిన నల్లటి జిగురు నూనెలో ఆర్థో నైట్రోఫినాల్ (ఓహెచ్ పక్కనే నైట్రో), పారా నైట్రోఫినాల్ (ఓహెచ్‌కి ఎదురుగా నైట్రో) రెండూ ఉంటాయి, అందులోంచి ఆర్థోని స్టీమ్‌తో లాగుతున్నాం. 250 మి.లీ. ఆర్‌బీ (గుండ్రటి అడుగు) ఫ్లాస్క్, కాయిల్ కండెన్సర్, కుళాయి ఫుల్లుగా తిప్పి పెట్టాం. మొదలైన కాసేపటికే కండెన్సర్ లోపల పసుపుపచ్చగా గడ్డకట్టి దారి మూసేస్తోంది. స్టీమ్ క్యాన్ సేఫ్టీ ట్యూబ్‌లో నీళ్లు పైకి ఎగదన్నుతున్నాయి. ఏం చేయాలి?

రెండోది థియరీ. హైడ్రోజన్ బంధం ఉంటే మరిగే స్థానం పెరుగుతుందని ఇంటర్ నుంచీ వింటున్నదే. ఆర్థోలోనూ అది ఉంది, పారాలోనూ ఉంది. మరి ఒకటి ఆవిరితో లేచిపోతుంటే ఇంకోటి ఫ్లాస్క్‌లోనే కూర్చుంటుందేం? "ఒకదాంట్లో లోపలిది, ఇంకోదాంట్లో బయటిది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కకి రుజువేంటో ఎవరూ చెప్పరు.

కండెన్సర్_కిట్టయ్య
ముందు ఆ కాయిల్ తీసి పక్కన పెట్టండి. ఆర్థో 45 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కుళాయి నీళ్లు 25, 28 ఉంటాయి. సన్నటి కాయిల్‌లో ఆ చలికి గడ్డకట్టక ఏం చేస్తుంది? లీబిగ్ (లోపల తిన్నటి గొట్టం ఉండే కండెన్సర్) వాడండి, లోపలి గొట్టం వెడల్పుగా ఉన్నది చూసుకుని. బల్బుల కండెన్సరూ వద్దు, ప్రతి బల్బులోనూ కొంత నిలబడిపోతుంది.

నీళ్లు సన్నగా వదలండి. గొట్టం గోడకి పసుపు పొర పేరుకోవడం కనపడగానే నీళ్లు కట్టేసి, జాకెట్‌లో ఉన్నవి కూడా దించేయండి. స్టీమ్ వేడికే ఆ గడ్డ కరిగి రిసీవర్‌లోకి జారుతుంది. తర్వాత మళ్లీ నీళ్లు వదిలేటప్పుడు చుక్కచుక్కగా మొదలుపెట్టాలి, కాలిపోతున్న గాజు మీద ఒక్కసారిగా చల్లనీళ్లు పడితే చిట్లుతుంది. జాకెట్ ఖాళీగా ఉన్నంతసేపూ ఆర్థో ఆవిరిగానే బయటికి పోతుంది కాబట్టి రిసీవర్‌ని ఐసులో కూర్చోబెట్టండి. అడాప్టర్ మూతి రిసీవర్‌ లోపలిదాకా దిగాలి కానీ నీళ్లలో మునగకూడదు.

గోదారి_కెమిస్ట్
సేఫ్టీ ట్యూబ్‌లో నీళ్లు లేచాయంటే లోపల ఒత్తిడి పెరిగిందనే. అప్పుడు కండెన్సర్‌తో కుస్తీ పట్టొద్దు. ముందు స్టీమ్ లైన్‌లో టీ ముక్కకున్న క్లిప్ తెరవండి, ఆ తర్వాతే బర్నర్ తీయండి. తిరగేసి చేస్తే క్యాన్ చల్లబడి ఫ్లాస్క్‌లోని సరుకంతా వెనక్కి లాగేసుకుంటుంది. పని పూర్తయ్యాక ఆపేటప్పుడూ ఇదే వరస.

థీల్‌ట్యూబ్
250 ఫ్లాస్క్‌లో ఎంత పోశారు? మూడో వంతు దాటకూడదు. స్టీమ్ కొంత అక్కడే నీరై మట్టం పెరుగుతూ పోతుంది, పొంగి తారు కూడా కండెన్సర్‌లోకి దూకుతుంది. అప్పుడు వచ్చేది గోధుమరంగు ఆర్థో. ఫ్లాస్క్ కింద చిన్న మంట గానీ మాంటిల్ గానీ పెడితే మట్టం అదుపులో ఉంటుంది. స్ప్లాష్ హెడ్ ఉంటే పెట్టండి.

పసుపుచుక్క
కిట్టయ్య గారూ, లీబిగ్ దొరికింది, మారుస్తున్నాం. ఫ్లాస్క్ దాదాపు సగం ఉంది, థీల్‌ట్యూబ్ గారన్నట్టు తగ్గిస్తాం. ఇంతకీ రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

బెంజీన్‌బాబు
అందులో ఏముంది బ్రో. ఆర్థోలో ఓహెచ్ పక్కనే నైట్రో ఉంది, హైడ్రోజన్ పోయి ఆ నైట్రో ఆక్సిజన్‌కి తగులుకుంటుంది, ఆరు అణువుల వలయం పడుతుంది. ఇల్లు దాటని కాపురం. పారాలో ఓహెచ్ ఈ చివర, నైట్రో ఆ చివర. లోపల అందదు కాబట్టి పక్క అణువుతో కలుస్తుంది. మెల్టింగ్ పాయింట్ చూడు: ఆర్థో 45, పారా 114. ఇంతకంటే రుజువేం కావాలి?

వాల్తేరు_వాసు
బెంజీన్‌బాబూ, "ఆరు అణువుల" కాదు, ఆరు పరమాణువుల వలయం. హైడ్రోజన్, ఫినాల్ ఆక్సిజన్, వలయంలోని రెండు కార్బన్లు, నైట్రోజన్, నైట్రో ఆక్సిజన్. మిగతా బొమ్మ సరిగ్గానే ఉంది. కానీ మెల్టింగ్ పాయింట్‌ని రుజువుగా పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

డైక్లోరోబెంజీన్ తీసుకో. అందులో హైడ్రోజన్ బంధం ఊసే లేదు. ఆర్థో మైనస్ 17 దగ్గర కరుగుతుంది, పారా 53 దగ్గర. 70 డిగ్రీల తేడా! మరిగే స్థానాలు మాత్రం ఆర్థో 180, పారా 174. అంటే తిరగబడ్డాయి. పారా అణువు సౌష్ఠవంగా ఉంటుంది, స్ఫటికంలో ఒకదాని పక్కన ఒకటి చక్కగా ఒదుగుతాయి, అందుకే కరగడానికి ఎక్కువ వేడి కావాలి. ద్రవం అయ్యాక ఆ ఒదుగుడు ఉండదు. కాబట్టి 45కీ 114కీ మధ్య తేడాలో హైడ్రోజన్ బంధం వాటా ఎంత, సౌష్ఠవం వాటా ఎంత అన్నది మెల్టింగ్ పాయింట్ చూసి విడదీయలేం.

ఎన్‌ఎంఆర్_నళిని
వాసు గారన్నదానికి ఇంకో ఉదాహరణ. పెంటేన్ ఐసోమర్లు మూడూ ఒకే బరువు. మామూలు పెంటేన్ 36 దగ్గర మరుగుతుంది, ఐసోపెంటేన్ 28, నియోపెంటేన్ 9.5. గొలుసు బంతిలా ముడుచుకునే కొద్దీ పక్క అణువుని తాకే ఉపరితలం తగ్గుతుంది, ఆకర్షణ తగ్గుతుంది. అదే నియోపెంటేన్ కరగడం చూస్తే మైనస్ 17, మామూలు పెంటేన్ మైనస్ 130. మరగడంలో అందరికన్నా కింద ఉన్నది కరగడంలో అందరికన్నా పైన. ద్రవంలో అణువుల మధ్య బలాలు పోల్చాలంటే మరిగే స్థానమో ఆవిరి పీడనమో చూడాలి.

బెంజీన్‌బాబు
సరే, మరిగే స్థానాలే పెడతా. ఆర్థో 216, పారా 279. 63 డిగ్రీలు. ఇప్పుడు ఒప్పుకుంటారా?

నల్లగొండ_నైట్రో
గట్ల ఒప్పుకుంటే ఎట్ల అన్నా. ఆ 63 హైడ్రోజన్ బంధం వల్లనే అని ఎవరు చెప్పిన్రు? పారాకి డైపోల్ మూమెంట్ (ధ్రువత కొలత) 5 డిబై దాటి ఉంటది, ఆర్థోకి 3.1 చిల్లర. ధ్రువత ఎక్కువున్న అణువులు ఒకదాన్నొకటి గట్టిగ గుంజుకుంటయి. ఇంకోటి, ఆర్థోల ఓహెచ్ పక్కన ఇంత పెద్ద నైట్రో అడ్డం ఉన్నది, పక్క అణువు దగ్గరికే రాలేదు. అంటే అడ్డంకి వల్ల గూడ మరిగే స్థానం తగ్గొచ్చు గద.

ఎన్‌ఎంఆర్_నళిని
మంచి అభ్యంతరాలే. ఒక్కొక్కటీ చూద్దాం.

అడ్డంకి సంగతి ముందు. ఓహెచ్ పక్కన అడ్డంగా ఉండి హైడ్రోజన్ బంధం మాత్రం ఇవ్వలేని గుంపు మిథైల్. ఆర్థో క్రెసాల్ 191, పారా క్రెసాల్ 202. తేడా 11 డిగ్రీలు. అడ్డంకితో ఒరిగేది ఆ మాత్రమే. మిథైల్ కంటే నైట్రో పెద్దదే, ఇంకొంచెం కలుపుకోండి, అయినా 63 రాదు.

ఇక ధ్రువత. ఓహెచ్‌లోని ఆ హైడ్రోజన్ తీసేసి మిథైల్ పెట్టండి, నైట్రోఅనిసోల్ అవుతుంది. నైట్రో అలాగే ఉంది, ఆక్సిజన్ అలాగే ఉంది, హైడ్రోజన్ బంధానికి ఇచ్చే హైడ్రోజన్ ఒక్కటే పోయింది. ఇప్పుడు ఆర్థో, పారా రెండూ 270ల్లోనే మరుగుతాయి, ఇంచుమించు ఒకే చోట. 63 డిగ్రీల తేడా మాయం. పారాని చూస్తే 279 నుంచి కాస్త దిగింది. ఆర్థో మాత్రం 216 నుంచి ఏకంగా 50 డిగ్రీల పైన ఎగబాకింది. మామూలుగా ఓహెచ్‌ని మిథైల్ ఈథర్‌గా మారిస్తే మరిగే స్థానం పడిపోవాలి, ఫినాల్ 182 నుంచి అనిసోల్ 154కి పడినట్టు. ఆర్థో నైట్రోఫినాల్‌లో పెరుగుతోంది. ఇది ఆ లోపలి బంధం తెగిన లెక్క.

నల్లగొండ_నైట్రో
అనిసోల్ లెక్క మస్తుంది అక్కా. మరి డైపోల్ 3.1 ఎందుకైంది?

ఎన్‌ఎంఆర్_నళిని
అదీ చాలావరకు ఆ బంధం చేసిన పనే. ఓహెచ్ నైట్రో వైపు తిరిగి అక్కడే నిలబడిపోవడం వల్ల అణువు మొత్తం ధ్రువత తగ్గుతుంది. ఆర్థో నైట్రోఅనిసోల్‌లో మిథాక్సీ అలా తిరగదు, దాని ధ్రువత 5 దగ్గరికి లేస్తుంది. కాబట్టి మీరు చెప్పిన ధ్రువత కారణం తప్పేం కాదు, కానీ దాని వెనకా హైడ్రోజన్ దిశే ఉంది.

వాల్తేరు_వాసు
ఇదే వరసలో క్లోరోఫినాల్ కూడా చూడొచ్చు. ఆర్థో 175, పారా 220. ఆర్థో క్లోరోఫినాల్ బరువు ఎక్కువైనా మామూలు ఫినాల్ కంటే కిందే మరుగుతుంది. క్లోరిన్‌తో పడేది ఐదు పరమాణువుల వలయం, హైడ్రోజన్‌కి కోణం సరిగా కుదరదు, బంధం బలహీనం. అయినా 45 డిగ్రీల తేడా తెచ్చింది. నైట్రోతో ఆరు పరమాణువుల వలయం, అన్నీ ఒకే తలంలో. హైడ్రోజన్ బంధానికి 180 డిగ్రీల కోణం అయితే శ్రేష్ఠం, ఇందులో అంత నిటారుగా రాదు. కానీ ఆక్సిజన్ నుంచి ఆక్సిజన్‌కి దూరం 2.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర్లోకి వచ్చేస్తుంది, నీటిలో అది 2.8. బెంజీన్ వలయంతో ఎలక్ట్రాన్లు పంచుకోవడం కూడా ఈ బంధానికి బలం.

థీల్‌ట్యూబ్
ఈ లోపలి వలయం సంగతి పాతదే. 1924లో సిడ్జ్‌విక్, కాలో అనే ఇద్దరు కెమిస్టులు చెప్పారు, ఆర్థో రకాల కరుగుదల తేడాలు చూసి. వాళ్ల దగ్గర ఐఆర్ (పరారుణ కాంతిని అణువు ఎక్కడ పీల్చుకుంటుందో చూసే పరీక్ష) లేదు, ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల్ని చూసే పరీక్ష) లేదు. బెంజీన్‌లో ఎంత కరుగుతోంది, నీళ్లలో ఎంత కరుగుతోంది, అంతే. ఆర్థో బెంజీన్‌లో సులువుగా కరుగుతుంది, నీళ్లంటే పడదు. పారా తద్విరుద్ధం.

ఇంటర్_బైపీసీ
అమ్మో ఇంత ఉందా. మాకు పుస్తకంలో రెండే లైన్లు. ఐఆర్‌లో ఇది ఎలా కనిపిస్తుందో ఎవరైనా చెప్తారా, సింపుల్‌గా?

ఎన్‌ఎంఆర్_నళిని
పలచన చేసి చూడటమే. పారాని కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి ద్రావణిలో కాస్త గాఢంగా తీసుకుంటే ఓహెచ్ పట్టీ వెడల్పుగా కిందికి జారి ఉంటుంది. పలచన చేసే కొద్దీ అణువులు దూరమై 3600 సెం.మీ.⁻¹ దగ్గర సన్నటి పట్టీ లేస్తుంది, అది ఎవరితోనూ కలవని ఓహెచ్. ఆర్థో పట్టీ 3240 దగ్గర ఉంటుంది, ఎంత పలచన చేసినా అక్కడి నుంచి కదలదు. జత తన అణువులోనే ఉంది కాబట్టి దూరంతో పని లేదు. ఎన్‌ఎంఆర్‌లోనూ అంతే: క్లోరోఫారంలో ఆర్థో ఓహెచ్ 10.6 పీపీఎం దగ్గర, గాఢత మార్చినా అక్కడే.

పసుపుచుక్క
నళిని గారూ, అనిసోల్ పోలిక కోసమే చూస్తున్నా, థాంక్స్. కానీ ఒకటి మిగిలింది. మేం మరిగిస్తున్నది నీళ్లలో. ఫ్లాస్క్ నిండా నీటి అణువులే. ఆర్థో తన లోపలి బంధం వదులుకుని నీళ్లతో కలవకూడదా? కలిస్తే ఇక ఆవిరిగా ఎందుకు లేస్తుంది?

వాల్తేరు_వాసు
కరిగింది కొంత కలుస్తుంది, నిజమే. కానీ ఆర్థో నీళ్లలో కరిగేదే చాలా తక్కువ, గది వేడి దగ్గర 100 మి.లీ.కి 0.2 గ్రాములు. మిగతాదంతా విడిగా నూనె పొరగా, చుక్కలుగా ఉంటుంది. ఆ నూనె లోపల ఆర్థో పక్కన ఆర్థోనే. కాబట్టి దాని ఆవిరి పీడనం నీళ్లు లేనట్టే పనిచేస్తుంది. స్టీమ్ డిస్టిలేషన్ కిటుకే ఇది: ఒకదాంట్లో ఒకటి కరగని రెండు ద్రవాలు, ఎవరి ఆవిరి పీడనం వాళ్లది, రెండూ కలిపి వాతావరణ పీడనానికి చేరితే చాలు, మరుగుతుంది.

పారా పరిస్థితి వేరు. మరిగే నీళ్లలో అది బాగా కరుగుతుంది. దాని ఆవిరి పీడనం 100 డిగ్రీల దగ్గర ఎలాగూ 1 మి.మీ. లోపే, దానికి తోడు నీళ్లలో పలచబడి చుట్టూ నీటి అణువులతో కట్టుబడి ఉంటుంది. రెండు దెబ్బలు.

గోదారి_కెమిస్ట్
లెక్క కావాలంటే ఇదిగో. 99 డిగ్రీల పైచిలుకు దగ్గర ఆర్థో ఆవిరి పీడనం సుమారు 15 మి.మీ., నీటిది మిగతా 745. బరువుల నిష్పత్తి అంటే పీడనాన్ని అణుభారంతో హెచ్చించి భాగించడం: 15 × 139 వేసి, దాన్ని 745 × 18తో భాగిస్తే 0.155. అంటే 100 గ్రాముల నీళ్లతో పాటు 15 గ్రాముల ఆర్థో రావాలి. 5 గ్రాములు లాగడానికి కాగితం మీద 32 మి.లీ. చాలు.

చేతికి అంత రాదు. బుడగ పైకి వచ్చేలోపు ఆర్థోతో పూర్తిగా నిండదు. ఆర్థో తారులో కరిగి ఉంటుంది కాబట్టి పీడనం 15 కంటే తగ్గుతుంది, చివరికొచ్చే కొద్దీ మరీ తగ్గుతుంది. 100 నుంచి 150 మి.లీ. దాకా పట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి.

హైదరాబాద్ ఎత్తుకి నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. ఆ ఒకటిన్నర, రెండు డిగ్రీలతో ఈ లెక్క పెద్దగా మారదు, ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా.

బెంజీన్‌బాబు
ఎక్కడ ఆపాలి మరి? చుక్కలు తెల్లగా వచ్చేదాకా అని మాన్యువల్‌లో ఉంటుంది. ఎంతసేపు లాగినా లేత పసుపు పోదు.

థీల్‌ట్యూబ్
పోదు. వాసు చెప్పిన 0.2 గ్రాములు కరిగే ఉంటుంది, ఆ కాస్తకే నీళ్లు పసుపు. రంగుని కాక నూనె చుక్కల్ని చూడాలి. చివర్లో పరీక్షనాళికలో 5 మి.లీ. పట్టి ఐసులో పెట్టండి, గోడ గీకండి. సూదులు పడకపోతే ఆపేయొచ్చు.

మరకల_మల్లి
నాదో అనుమానం. ఇలాంటి సెటప్‌లోనే స్టీమ్ ఎంత పంపినా ఆర్థో చుక్క కూడా రాలేదని ఒక బ్యాచ్ వాళ్లు గొడవ. ఫ్లాస్క్‌లో ద్రవం ఎర్రగా, నారింజరంగులో ఉంది. ఏమై ఉంటుంది?

కండెన్సర్_కిట్టయ్య
డిస్టిలేషన్‌కి ముందు యాసిడ్ పోగొట్టాలని సోడియం కార్బొనేట్ వేసి ఉంటారు. అవునా?

మరకల_మల్లి
అవును సార్. మిగిలిన నైట్రిక్ ఆమ్లం వేడికి పాడుచేస్తుందని వేశారట.

కండెన్సర్_కిట్టయ్య
ఆలోచన సగం కరెక్టే, మందు తప్పు. నైట్రిక్ మిగిలితే స్టీమ్ వేడికి ఇంకా నైట్రేషన్, ఆక్సీకరణ జరిగి తారు పెరుగుతుంది. అందుకని నూనెని నీళ్లతో కడగాలి. నూనె గడ్డకడితే కొంచెం వెచ్చచేసి, నీళ్లు పోసి ఊపి, కిందికి దిగాక పైనీళ్లు వంచేయాలి, అలా మూడుసార్లు. క్షారం ముట్టకూడదు.

ఎందుకంటే ఆర్థో నైట్రోఫినాల్ పీకేఏ (ఆమ్ల బలం కొలత, ఎంత తక్కువైతే అంత బలమైన ఆమ్లం) 7.2, పారాది 7.15. మామూలు ఫినాల్ 10. అంటే కార్బొనేట్‌కే హైడ్రోజన్ ఇచ్చేసి సోడియం లవణం అయిపోతుంది. ఇక లోపలి హైడ్రోజన్ బంధం ఎక్కడిది, ఆ హైడ్రోజనే లేదు. అయాన్ ఆవిరి కాదు. ఎరుపు, నారింజ రంగు దానిదే.

సరుకు పోలేదని చెప్పండి వాళ్లకి. చల్లార్చి, పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోయాలి, కార్బొనేట్ మిగిలి ఉంటే నురగ పొంగుతుంది కాబట్టి పెద్ద బీకరులో. నీలం లిట్మస్ ఎరుపెక్కాక మళ్లీ స్టీమ్ పెడితే ఆర్థో వస్తుంది.

ఎన్‌ఎంఆర్_నళిని
కిట్టయ్య గారి ఉదాహరణ థియరీకి కూడా రుజువే. అదే ఆర్థో, ఒక్క హైడ్రోజన్ పోయేసరికి స్టీమ్‌కి లొంగదు.

నల్లగొండ_నైట్రో
అయాన్ అయితే ఏదైనా ఎగరదు గద అక్కా, అందుకు హైడ్రోజన్ బంధం దాకా పోవుడెందుకు. అనిసోల్ రుజువు చాలు, దీన్ని లెక్కల పట్టొద్దు.

ఎన్‌ఎంఆర్_నళిని
అదీ నిజమే. అనిసోల్‌నే ఉంచుకుందాం.

ఇంటర్_బైపీసీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, టాపిక్ దగ్గరదే. మోడల్ పేపర్‌లో అమ్మోనియా, ఫాస్ఫీన్, ఆర్సీన్, స్టిబైన్ మరిగే స్థానాల వరస ఇచ్చారు. అమ్మోనియాకే హైడ్రోజన్ బంధం కదా, అదే పైన ఉండాలి. కీలో స్టిబైన్ పైన ఉంది. కీ తప్పా?

వాల్తేరు_వాసు
కీ కరెక్ట్ తల్లీ. ఫాస్ఫీన్ మైనస్ 88, ఆర్సీన్ మైనస్ 62, అమ్మోనియా మైనస్ 33, స్టిబైన్ మైనస్ 17. హైడ్రోజన్ బంధం వల్ల అమ్మోనియా ఫాస్ఫీన్‌నీ ఆర్సీన్‌నీ దాటింది. స్టిబైన్‌లో 54 ఎలక్ట్రాన్లు, అమ్మోనియాలో 10. ఎలక్ట్రాన్ మేఘం పెద్దదై వదులుగా ఉండేసరికి లండన్ బలాలు (ఎలక్ట్రాన్ మేఘాల కదలిక వల్ల అణువుల మధ్య పుట్టే ఆకర్షణ) అంతగా పెరిగాయి, ఒక్క హైడ్రోజన్ బంధం దాన్ని ఓడించలేకపోయింది. అమ్మోనియాలో ఒంటరి జంట (బంధంలో లేని ఎలక్ట్రాన్ల జత) ఒకటే ఉంది, మూడు హైడ్రోజన్లకి అది చాలదు, అందుకే నీటిలా వల అల్లుకోలేదు.

"హైడ్రోజన్ బంధం ఉంటే పైన" అని బట్టీ పట్టొద్దు. ఎన్ని బంధాలు, అణువుకి లోపలా బయటా, అణుపరిమాణం ఎంత, ఆకారం ఏంటి, ఇవన్నీ చూసి తేల్చాలి.

ఇంటర్_బైపీసీ
మరి హైడ్రోజన్ ఫ్లోరైడ్? ఫ్లోరిన్‌కి ఎలక్ట్రాన్లు లాక్కునే గుణం అందరికన్నా ఎక్కువ, అయినా 19.5కే మరుగుతుంది. నీళ్లు 100.

వాల్తేరు_వాసు
విడిగా ఒక్కో బంధం ఫ్లోరైడ్‌లోనే గట్టిది. కానీ అణువుకి ఒకే హైడ్రోజన్, అందుకని గొలుసులు. నీటికి రెండు హైడ్రోజన్లు, రెండు ఒంటరి జంటలు, నాలుగు వైపులా పట్టు. ఇంకోటి, ఫ్లోరైడ్ ఆవిరిలో కూడా గుంపులుగానే లేస్తుంది, బంధాలన్నీ తెంచక్కర్లేదు.

బెంజీన్‌బాబు
ఎంసెట్ క్లాసు అయిపోయిందా 😄 పసుపుచుక్కా, నీ పారా ఇంకా ఫ్లాస్క్‌లోనే ఉంది మర్చిపోకు.

పసుపుచుక్క
మర్చిపోలేదు. లీబిగ్ పెట్టాక ఆర్థో సాఫీగా వచ్చింది, నీళ్లు సన్నగా వదిలితే అసలు మూసుకోలేదు. పారాకి ఇప్పుడేం చేయాలి? ఫ్లాస్క్ అడుగున నల్లటి తారు, పైన వేడినీళ్లు.

థీల్‌ట్యూబ్
పారా చాలావరకు ఆ వేడినీళ్లలోనే ఉంది, కొంత తారులో. మొత్తం ఐసులో రెండు గంటలు ఉంచితే ముడి పారా పడుతుంది, వడకట్టండి. దాన్ని 2 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి కరిగించాలి. కాస్త చల్లారనిచ్చి, పావు చెంచా యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి మళ్లీ పది నిమిషాలు మరిగించండి. మరుగుతుండగా చార్‌కోల్ వేస్తే ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది. ముడతలు పెట్టిన ఫిల్టర్ పేపర్‌లో వేడివేడిగా వడకట్టాలి, గరాటుని ముందే వేడి చేసుకోవాలి, లేదంటే కాడలోనే స్ఫటికాలు పడి ఇంకోసారి మూసుకుపోయిందని పోస్టు పెడతారు. రాత్రంతా వదిలేస్తే లేతరంగు సూదులు వస్తాయి. 112, 114 మధ్య కరిగితే బాగున్నట్టు.

ఇక్కడా ఆమ్లం ఎందుకంటే, కిట్టయ్య చెప్పిన పీకేఏ లెక్కే. మామూలు కుళాయి నీళ్లకి క్షారగుణం ఉంటే కొంత పారా అయాన్‌గా మారి పసుపు రంగుతో నీళ్లలోనే ఉండిపోతుంది.

గోదారి_కెమిస్ట్
ఆర్థోని ఓవెన్‌లో పెట్టొద్దు. 45కే కరుగుతుంది, కరక్కముందే మెల్లగా ఆవిరైపోతుంది, ఓవెనంతా ఆ వాసన పడుతుంది. వడకట్టి, ఫిల్టర్ పేపర్ల మధ్య నొక్కి, కాల్షియం క్లోరైడ్ డెసికేటర్‌లో ఉంచండి. వాక్యూమ్ గట్టిగా పెట్టినా పోతుంది. పారాని ఓవెన్‌లో 80 దగ్గర పెట్టొచ్చు, ఏం కాదు.

ఎండాకాలం చేసేవాళ్లకి ఒక మాట: మే నెలలో మన దగ్గర ట్యాంకు నీళ్లే 40 దరిదాపుల్లో ఉంటాయి. కండెన్సర్ మూసుకుపోవడం ఉండదు కానీ సగం ఆర్థో గదిలోకి పోతుంది. అప్పుడు రిసీవర్ ఐసు తప్పనిసరి, చేసేది ఫ్యూమ్‌హుడ్‌లో.

మరకల_మల్లి
రెండూ వేరైనట్టు టీఎల్‌సీలో (పలచటి పొర క్రొమటోగ్రఫీలో) చూడొచ్చా?

ఎన్‌ఎంఆర్_నళిని
చక్కగా. సిలికా ప్లేట్, హెక్సేన్‌లో కొంచెం ఇథైల్ అసిటేట్. ఆర్థో పైకి పరిగెడుతుంది, పారా కిందే ఉంటుంది. సిలికా మీదున్న ఓహెచ్‌లు పారాని పట్టుకుంటాయి, ఆర్థో హైడ్రోజన్ ముందే బుక్కైపోయింది కాబట్టి పట్టు చిక్కదు. ఆర్థో చుక్క పసుపుగా కంటికే కనపడుతుంది. పారా లేతగా ఉంటుంది, యూవీ కింద చూడండి, లేదా ప్లేటుని అమ్మోనియా సీసా మూతి దగ్గర పెడితే పసుపుపచ్చగా బయటపడుతుంది. ప్లేటు ఎక్కువసేపు బయట ఉంచితే ఆర్థో చుక్క ఎగిరిపోతుంది, చూడగానే పెన్సిల్‌తో గీసుకోండి.

నల్లగొండ_నైట్రో
గ్లవ్స్ మర్చిపోకుండ్రి. చేతికి అంటితే పసుపు మరక రోజుల తరబడి పోదు, పైగ చర్మంల నుంచి లోపలికి పోతది. ముక్కు పెట్టి వాసన చూసుడు అసలే వద్దు.

పసుపుచుక్క
చివరిది. ఫ్లాస్క్‌కి అంటుకున్న తారు ఎలా వదిలించాలి? బ్రష్‌కి లొంగట్లేదు.

కండెన్సర్_కిట్టయ్య
చల్లారాక 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ పోసి కొంచెం వెచ్చచేసి నానబెట్టండి, ఫినాల్ జాతి అంతా లవణమై కరిగిపోతుంది. మిగిలిన జిగురుకి కొద్దిగా అసిటోన్. అసిటోన్ వాడాక ఆ ఫ్లాస్క్‌లో నైట్రిక్ ఆమ్లం పోయొద్దు, ముందు నీళ్లతో బాగా కడగాలి, ఆ రెండూ కలిస్తే ప్రమాదం. కడిగిన క్షారపు నీళ్లు సింకులో కాకుండా ఫినాల్ వేస్ట్ డబ్బాలో పోయండి.